మెత్తని సీసం, గట్టి సీసం

ఐర్లండ్‌లోని నేవన్ పక్కనే తారా గని ఉంది. 1970లో ఖనిజం బయటపడింది, 1977లో ఉత్పత్తి మొదలైంది. అక్కడ ప్రధానంగా దొరికేది జింకు, దాని వెంట కొంత సీసం. 2023లో గని ఆగిపోయి సుమారు 650 మంది పని పోయింది. 2024 చివర్లో మళ్ళీ తెరిచారు. ఐర్లండ్‌లో ఈ ఖనిజాన్ని కరిగించే కొలిమి లేదు. అందుకే ఖనిజపు పొడి రైల్లో డబ్లిన్ రేవుకు, అక్కడినుంచి ఓడల్లో పరదేశాలకు పోతుంది. మన పల్నాడులో, అగ్నిగుండాల దగ్గర బండలమొట్టు గనిలో తీసిన సీసపు ఖనిజం కూడా ఒకప్పుడు ఇలాగే విశాఖపట్నం కొలిమికి వెళ్ళేది.

కొలిమిలోంచి వచ్చిన ముడి సీసం గట్టిగా ఉంటుంది. కారణం అందులో కలిసివున్న ఆంటిమొని, ఆర్సెనిక్, తగరం. కరిగిన సీసం మీదుగా గాలి పంపితే ఇవి సీసం కన్నా ముందే ఆక్సీకరణం చెంది తెట్టుగా పైకి తేలతాయి. ఆ తెట్టు తీసేస్తే మిగిలేది గోరుతో గీసినా గీత పడేంత మెత్తని సీసం. ఈ పనికే 'మెత్తబరచడం' అని పేరు.

చిత్రమేమిటంటే, ఇంత శ్రమపడి తీసేసిన వాటినే అవసరాన్నిబట్టి మళ్ళీ కలుపుతారు. ఇనుమును సుత్తితో కొడితే గట్టిపడుతుంది. సీసం మామూలు వేడిలోనే తన స్ఫటికాలను సరిచేసుకుంటుంది కనుక ఎంత కొట్టినా మెత్తగానే ఉంటుంది. గట్టిపరచాలంటే మిశ్రమం కావలసిందే. ఆంటిమొని గట్టిదనాన్నిస్తుంది. తగరం కలిస్తే లోహం అచ్చు మూలలదాకా పారుతుంది. ఆంటిమొనితోబాటు పిసరంత ఆర్సెనిక్ కూడా ఉంటే, అచ్చులోంచి తీసిన గుండును వేడివేడిగా నీళ్ళలో వేసినప్పుడు గట్టిదనం దాదాపు రెట్టింపవుతుంది. మళ్ళీ వేడిచేసి నెమ్మదిగా చల్లారనిస్తే మెత్తబడుతుంది.

1849 నాటి మినియే గుండుకు మెత్తని సీసమే కావాలి. పేలుడు ఒత్తిడికి దాని అడుగు విచ్చుకుని గొట్టంలోని గాళ్ళను పట్టుకుంటుంది. వేగం పెరిగినకొద్దీ మెత్తని సీసం గొట్టానికి అంటుకుపోతుంది. అందుకని గట్టి మిశ్రమాలు, ఆపైన రాగి తొడుగులు వచ్చాయి.

ఈ మిశ్రమానికి దగ్గరి చుట్టమే అచ్చక్షరం. లైనోటైపు లోహంలో సుమారు 84 పాళ్ళు సీసం, 12 ఆంటిమొని, 4 తగరం. 1914లో ఐర్లండ్‌లోని హౌత్ రేవులో దిగిన పాత మౌజర్ తుపాకులవి సీసపు గుండ్లు. 1916లో డబ్లిన్‌లో స్వాతంత్ర్య ప్రకటన అచ్చువేసినప్పుడు సీసపక్షరాలు చాలక, దాన్ని రెండు సగాలుగా అచ్చు తీయవలసి వచ్చింది.

కంప్యూటర్లు వచ్చాక మన తెలుగు ప్రెస్సులు కూడా ఆ అక్షరాలను తూకానికి అమ్మేశాయి. పాశ్చాత్య దేశాల్లో మూతపడ్డ ప్రెస్సుల లోహాన్ని గుండ్లు పోసేవాళ్ళు వెతికి మరీ కొనుక్కున్నారు. కరిగిన సీసానికి తాను అక్షరమో గుండో గుర్తుండదు. ఏది పోయాలో తేల్చుకోవలసింది మనిషే.