కాండీలో కెమెరాకు చెమట పడితే...

శ్రీలంక వెళ్ళినవాళ్ళలో కాండీ చూడకుండా తిరిగొచ్చేవాళ్ళు తక్కువ. కొలంబో నుంచి సుమారు 115 కిలోమీటర్లు. చుట్టూ కొండలు, దాదాపు 500 మీటర్ల ఎత్తు. కొండ మీది ఊరు కదా అని ఊటీకి వెళ్తున్నట్టు స్వెట్టర్లు సర్దుకోకండి. అక్కడ ఉండేది చలి కాదు, చెమ్మ. ఉతికిన చీర ఒక పట్టాన ఆరదు. ఫొటోలు పాడుచేసేదీ ఆ చెమ్మే.

ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళసీసాకు నిమిషంలో చెమట పడుతుంది కదా! రాత్రంతా ఏసీ గదిలో చల్లబడిన కెమెరానో, సెల్‌ఫోనో బయటికి తీస్తే జరిగేదీ అదే. లెన్స్ మసకబారిపోతుంది. చీర కొంగుతో తుడిచేస్తాం. మరుక్షణం మళ్ళీ పడుతుంది. పైగా కొంగుకున్న దుమ్మూ జరీ అద్దాన్ని గీరేస్తాయి. అందుకని గదిలో ఉండగానే కెమెరాను ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించండి. బయటికొచ్చాక ఓ అరగంట ఆగి తీయండి. చెమటేదో కవరుకే పడుతుంది.

ఊరి నడుమ ఉన్న చెరువు దగ్గరికి పొద్దున్నే వెళ్ళండి. దాన్ని 1807లో తవ్వించినవాడు కాండీ ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహ. మదురైనేలిన తెలుగు నాయకుల బంధువర్గం వాడు. 1815లో ఇంగ్లీషువాళ్ళు గద్దె దించి వేలూరు కోటకు పంపేశారు, 1832లో అక్కడే పోయాడు. మనవాళ్ళ కథ తెలిశాక ఆ గట్టున నిలబడి తీసుకున్న ఫొటోకి ఇంకో విలువ! ఆకాశం మబ్బుగా ఉంటే దిగులుపడకండి. మబ్బు వెలుతురులో కళ్ళకింద నీడలు పడవు, ముఖాలు ముచ్చటగా వస్తాయి. తెల్లటి ఆకాశాన్ని మాత్రం ఫొటోలోకి ఎక్కువ రానివ్వకండి, మనుషులు నల్లగా పడతారు.

చెరువు పక్కనే బుద్ధుడి దంతం ఉన్న దలదా మాళిగావ. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలుండాలి, చెప్పులు బయటే. ఇక్కడ పిల్లల్ని కాస్త కనిపెట్టుకోవాలి. బుద్ధవిగ్రహానికి వీపు పెట్టి నిలబడి ఫొటో దిగడం అక్కడివాళ్ళ దృష్టిలో అపచారం. మన దేవుళ్ళ ముందైతే మనం ఊరుకుంటామా? 2012లో ముగ్గురు ఫ్రెంచి యాత్రికులు విగ్రహాన్ని ముద్దుపెట్టుకుంటున్నట్టు సరదాకి ఫొటోలు దిగారు. గాల్ ఊళ్ళో ప్రింట్లకిస్తే, ఆ ల్యాబ్ వాళ్ళే పోలీసులకు చెప్పారు. కోర్టు ఆరునెలల జైలు వేసి, ఐదేళ్ళపాటు అమలు కాకుండా నిలిపింది. కాబట్టి ముందు దణ్ణం, తర్వాత పక్కకి జరిగి ఫొటో.

ఊరికి దగ్గర్లోనే పేరాదెణియ తోట. 147 ఎకరాలు, మహావెలి నది మూడువైపులా చుట్టి ఉంటుంది. రాజతాళ వృక్షాల బాటలో పిల్లల్ని దూరంగా నడవమని వెనకనుంచి తీయండి, చెట్ల ఎత్తు అప్పుడు తెలుస్తుంది. వాన వెలిసిన పదినిమిషాల్లో ఆకుల పచ్చదనం చూడాల్సిందే. గొడుగు మరవకండి. అదే కెమెరాకు కూడా!

ఇంతకీ ఈ ఫొటోల్లో మీరెక్కడ? పిల్లలూ, ఆయనా, అత్తగారూ ఉంటారు. తీసింది మీరు కాబట్టి మీరుండరు. పదేళ్ళయ్యాక పిల్లలు ఆల్బం తిప్పితే, అమ్మ ఆ ఊరు వచ్చిందో లేదో తెలియదు. రోజుకొక్కసారైనా కెమెరా ఆయన చేతికిచ్చి నిలబడండి. చీర నలిగిందనీ, జుట్టు రేగిందనీ వంక పెట్టొద్దు. ఆ గాలిలో ఎవరి జుట్టూ కుదురుగా ఉండదు.

ఇంటికి రాగానే కెమెరాను తోలు సంచిలోంచి తీసేయండి. చెమ్మపట్టిన తోలులో బూజు పుడుతుంది, అది లెన్స్‌లోకి పాకితే బాగుచేయించడం ఖర్చు. గాలి చొరబడని డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికాజెల్ పొట్లాలు నాలుగు వేసి దాచండి. తడిసిన సెల్‌ఫోన్‌ని బియ్యం డబ్బాలో గుచ్చే అలవాటూ మానాలి. బియ్యప్పిండి సందుల్లోకి దూరుతుంది. 2024లో ఆపిల్ కంపెనీ కూడా తన ఫోన్లను బియ్యంలో పెట్టొద్దనే చెప్పింది. ఛార్జింగ్ పెట్టకుండా, ఫ్యాను గాలి తగిలేచోట ఆరనివ్వండి.