నేరానికి ఆర్థికమూలాలు – కారాగారశిక్ష పరిమితులు: పాయకరావుపేట మార్గంలో గంజాయి రవాణా

వ్యాససంగ్రహం:
విశాఖ మన్యం నుంచి పాయకరావుపేట ప్రాంతం మీదుగా సాగే గంజాయి రవాణా ఆధారంగా, నేరానికీ జీవనోపాధికీ గల సంబంధాన్ని, కారాగారశిక్ష పరిమితులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గంజాయి, జీవనోపాధి, బెయిలు, కారాగారం, పునరావాసం.

1. ఉపోద్ఘాతం:
అనకాపల్లి జిల్లా సరిహద్దున, తాండవ నది ఒడ్డున పాయకరావుపేట ఉంది. ఆవలి ఒడ్డున కాకినాడ జిల్లాకు చెందిన తుని. చింతపల్లి, గూడెం కొత్తవీధి కొండల నుంచి నర్సీపట్నం మీదుగా దిగే దారులు ఈ ప్రాంతంలో 16వ నంబరు జాతీయ రహదారినీ, హౌరా–చెన్నై రైలుమార్గాన్నీ అందుకుంటాయి. పసుపు, చింతపండు మైదానానికి చేరే దారులలోనే గంజాయి కూడా దిగుతుంది.

2. నేరంలో శ్రమవిభజన:
ఈ వ్యాపారంలో సాగుదారు, మోసేవాడు, దళారి, పెట్టుబడిదారు అనే నాలుగు స్థానాలున్నాయి. లాభం చివరివానిది, పట్టుబడే ప్రమాదం మొదటి ఇద్దరిది. నేరస్థుడు లాభాన్ని, పట్టుబడే అవకాశాన్ని, శిక్ష తీవ్రతను బేరీజు వేసుకుంటాడని ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1968లో ప్రతిపాదించాడు. నిలకడైన పని లేనివానికి చట్టబద్ధమైన జీవనంలో కోల్పోయేది తక్కువ కనుక ఈ లెక్క నేరం వైపు మొగ్గుతుంది. అయితే పేదలలో అత్యధికులు నేరం చేయరు. పేదరికం నేరానికి చాలిన కారణం కాదు. మోతకు మనిషిని సులభంగా దొరికించే పరిస్థితి మాత్రమే.

3. తూకాన్ని బట్టి శిక్ష:
1985 నాటి మాదకద్రవ్యాల చట్టానికి 2001లో చేసిన సవరణ, శిక్షను పరిమాణంతో ముడిపెట్టింది. గంజాయి 20 కిలోలు మించితే అది వాణిజ్య పరిమాణం. దానికి 10 నుంచి 20 సంవత్సరాల కఠిన కారాగారశిక్ష, కనీసం లక్ష రూపాయల జరిమానా ఉంటాయి. 37వ సెక్షన్ ప్రకారం బెయిలు దుర్లభం. పెట్టుబడి పెట్టినవారిని శిక్షించే 27-ఏ సెక్షన్ ఉన్నా, సరుకును ముట్టని వ్యక్తిపై నేరాన్ని రుజువు చేయడం కష్టం. తూకం సంచి బరువును చెబుతుంది. సంచి ఎవరిదో చెప్పదు.

4. కారాగారం పరిమితులు:
కారాగారం నేరస్థుణ్ణి సమాజం నుంచి కొంతకాలం వేరుచేస్తుంది. హింసాత్మక నేరాలలో ఆ ప్రయోజనం స్పష్టం. రవాణా నేరంలో మాత్రం ఒక మనిషి జైలుకు వెళ్తే ఆ కూలికి మరొకడు వస్తాడు. ఖాళీ అయిన స్థానం అలాగే మిగలదు.

దేశంలోని ఖైదీలలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది విచారణ ఖైదీలేనని 2022 జైలు గణాంకాలు తెలుపుతున్నాయి. గంజాయి కేసులో ఏడేళ్లకు పైగా విచారణ ఖైదీగా ఉన్న వ్యక్తికి 2023లో మహమ్మద్ ముస్లిం కేసులో సుప్రీంకోర్టు బెయిలు మంజూరు చేసింది. నిర్బంధం వల్ల నిరుపేదలు జీవనాధారం కోల్పోతారని, కుటుంబాలు చెదిరిపోతాయని ఆ తీర్పు గుర్తించింది. సంపాదించే మనిషి లోపల ఉంటే ఇంటికి అప్పు మిగులుతుంది. విడుదలైనవానికి ఆ అప్పు తీర్చే మార్గంగా పాత పనే ఎదురవుతుంది.

5. ప్రత్యామ్నాయ జీవనోపాధి:
'ఆపరేషన్ పరివర్తన' కింద మన్యంలో వేల ఎకరాల గంజాయి తోటలను ధ్వంసం చేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపంలోని కోడూరులో సుమారు 2 లక్షల కిలోల గంజాయిని దహనం చేశారు. మొక్కను పెరికినంత త్వరగా ఆదాయాన్ని నాటలేము. కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు, నాలుగు సంవత్సరాలు పడుతుంది. గంజాయి కొన్ని నెలలలోనే చేతికి వస్తుంది. పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ప్రోత్సహించే కాఫీ, మిరియాల సాగు నిలవాలంటే ఈ మధ్యకాలపు ఆదాయలోటును పూడ్చాలి. మైదానంలోని మోత కూలీలకు మొక్కలు కూడా పరిష్కారం కావు. వారికి నైపుణ్యశిక్షణ, నిలకడైన వేతనం అవసరం.

6. ముగింపు:
శిక్ష అవసరాన్ని ఈ పరిశీలన కాదనదు. దాని గురిని ప్రశ్నిస్తుంది. దర్యాప్తు సంచి నుంచి సొమ్ము వైపు సాగాలి. విచారణ త్వరగా ముగియాలి. విడుదలైనవానికి పని ముందే సిద్ధంగా ఉండాలి. ఈ మూడూ లేనంతకాలం కారాగారం మోసేవారిని మార్చగలదే కాని, మోతను ఆపలేదు.