రెండు రిజిస్టర్లు

ఫసలీ 1329లో, అంటే 1919 ప్రాంతంలో, నిజాం రాజ్యంలో ఒక చట్టం వచ్చింది. పిల్లలను ఎత్తుకుపోతారని, అసహజ నేరాలు చేస్తారని అనుమానమున్న హిజ్రాల పేర్లు, నివాసాలు ప్రభుత్వం ఒక రిజిస్టర్‌లో రాసి ఉంచాలని అది శాసించింది. ఆ రిజిస్టర్‌కెక్కిన మనిషి ఆడ దుస్తులు, నగలు వేసుకుని వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. నూరేళ్లు దాటినా రద్దు కాని ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులై 6న రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. అదే ఏడాది అక్టోబరు 17న సుప్రీంకోర్టు మరో తీర్పు ఇచ్చింది. అందులో పిటిషనర్లయిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ కూడా హైదరాబాద్ వాసులే. ఆ ఇద్దరు పురుషులు అడిగింది కూడా ఒక రిజిస్టర్‌లో చోటే. కాకపోతే అది వివాహాల రిజిస్టర్.

అంతకుముందు చరిత్ర చాలామందికి తెలిసిందే. 1860 నాటి శిక్షాస్మృతిలో వలస పాలకులు చేర్చిన 377వ సెక్షన్ స్వలింగ సంపర్కాన్ని యావజ్జీవ శిక్ష దాకా వేయదగ్గ నేరం చేసింది. 2009లో ఢిల్లీ హైకోర్టు ఆ సెక్షన్ పరిధిని తగ్గించింది. 2013లో సుప్రీంకోర్టు మళ్లీ యథాస్థితికి తెచ్చింది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పెద్దల మధ్య సమ్మతితో జరిగేది నేరం కాదని ఏకగ్రీవంగా తేల్చింది. రాజ్యం పడకగది గుమ్మం దగ్గర ఆగిపోవాలని చెప్పిన తీర్పు అది. ఆ ఇంట్లో ఉన్న ఇద్దరూ ఒకరికొకరు ఏమవుతారన్నది మాత్రం అది తేల్చవలసిన ప్రశ్న కాదు.

సుప్రియో, అభయ్ 2021 డిసెంబరులో హైదరాబాద్‌లో అయినవాళ్ల సమక్షంలో వేడుక చేసుకుని ఒక్కటయ్యారు. ఇక్కడ నాకు కందుకూరి వీరేశలింగం గుర్తొస్తారు. వితంతు పునర్వివాహాన్ని అనుమతించే చట్టం 1856లోనే వచ్చింది. రాజమహేంద్రవరంలో ఆయన తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. అప్పుడు చట్టం ముందు నడిచింది, పందిట్లోకి రావడానికి బంధువులు వెనుకాడారు. ఈ జంట విషయంలో బంధువులు వచ్చారు, చట్టమే రాలేదు.

వాళ్లు ఆశ పెట్టుకున్నది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం మీద. కులమతాలతో పని లేకుండా ఏ ఇద్దరైనా పెళ్లి చేసుకోవడానికి వచ్చిన చట్టమది. అయితే దాని 4వ సెక్షన్ పురుషుడికి 21 ఏళ్లు, స్త్రీకి 18 ఏళ్లు నిండాలంటుంది. ‘పురుషుడు, స్త్రీ’ అన్నచోట ‘వ్యక్తి’ అని చదువుకుంటే సరిపోతుందన్నది పిటిషనర్ల వాదన. వినడానికి ఒక్క మాట మార్పే. దారం లాగి చూస్తే అల్లిక అంతా కదులుతుంది. ఇద్దరు స్త్రీలకు ఏ వయసు, ఇద్దరు పురుషులకు ఏ వయసు? అదే చట్టంలో కొన్ని విడాకుల కారణాలు, భరణం భార్యకు మాత్రమే ఉన్నాయి. అక్కడ భార్య ఎవరు? అంతకంటే లోతైన చిక్కు 21ఎ సెక్షన్‌లో ఉంది. ఇద్దరు హిందువులు ఈ చట్టం కింద పెళ్లాడితే వారి ఆస్తి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే సంక్రమిస్తుంది. అందులో వీలునామా రాయకుండా చనిపోయిన పురుషుడి వారసులను 8వ సెక్షన్, స్త్రీ వారసులను 15వ సెక్షన్ వేర్వేరుగా నిర్ణయిస్తాయి. పిల్లలు, భర్త లేని స్త్రీ ఆస్తి సాధారణంగా ముందు భర్త వారసులకు పోతుంది. వివాహ చట్టంలో ఒక పదం మారిస్తే ఆ మార్పు అక్కడితో ఆగదు, వ్యక్తిగత చట్టాల దాకా పాకుతుంది.

2023 ఏప్రిల్ 18 నుంచి పది రోజుల పాటు వాదనలు విన్న అయిదుగురు న్యాయమూర్తులూ ఈ చిక్కును ఒప్పుకున్నారు. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని, ప్రత్యేక వివాహ చట్టాన్ని కొట్టివేయడం గాని, తిరగరాయడం గాని కుదరదని అయిదుగురిదీ ఒకే మాట. స్త్రీపురుష సంబంధంలో ఉన్న ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చన్నదీ ఏకాభిప్రాయమే. స్వలింగ జంటల సహజీవనానికి చట్టపరమైన గుర్తింపు ఇవ్వాలా, ఉమ్మడిగా దత్తత తీసుకోనివ్వాలా అన్నచోట చీలిపోయారు. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ ఇవ్వాలన్నారు. జస్టిస్ రవీంద్ర భట్, అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ హిమా కోహ్లి, తెలుగువారైన జస్టిస్ పి.ఎస్. నరసింహ కాదన్నారు. నచ్చిన మనిషితో కలిసి బతికే స్వేచ్ఛ ఉంది, దానికొక చట్టబద్ధ హోదా కల్పించి తీరాలని రాజ్యాన్ని అడిగే హక్కు లేదు. మెజారిటీ తీర్పు సారాంశం అది.

అల్లిక చిక్కుపడిందన్న మాట నిజమే. దాన్ని విప్పడం శాసనసభల పనేనన్నదీ నిజమే. కానీ ఆ చిక్కు మన దేశానికే ప్రత్యేకం కాదు. 2005 డిసెంబరు 1న దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం, వివాహ చట్టం స్వలింగ జంటల సమానత్వాన్ని కాదంటోందని తేల్చి, సరిదిద్దడానికి పార్లమెంటుకు 12 నెలల గడువిచ్చింది. చట్టం 2006 నవంబరులో వచ్చింది. తైవాన్ న్యాయస్థానం 2017 మే 24న రెండేళ్ల గడువిచ్చింది. సరిగ్గా రెండేళ్లకు అక్కడ స్వలింగ వివాహాలు మొదలయ్యాయి. చట్టాన్ని తమ చేత్తో తిరగరాయకుండానే, ఉపేక్షించే వీలు లేకుండా శాసనకర్తల ముందు పెట్టడం ఎలాగో ఆ కోర్టులు చూపాయి. అలా చేయాలంటే ముందు హక్కుకు భంగం కలిగిందని ఒప్పుకోవాలి. మన మెజారిటీ తీర్పు ఆ మెట్టు దగ్గరే ఆగిపోయింది. నా దృష్టిలో ఈ తీర్పులో లోటు అదే. పునఃసమీక్ష పిటిషన్లను కూడా 2025 జనవరి 9న కోర్టు తోసిపుచ్చింది.

మిగిలింది, కేబినెట్ కార్యదర్శి నాయకత్వంలో కమిటీ వేస్తామని కేంద్రం కోర్టుకు ఇచ్చిన మాట. 2024లో ఆ కమిటీ ఏర్పడింది, కొన్ని స్పష్టీకరణలు వచ్చాయి. స్వలింగ జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవవచ్చు, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చు, రేషన్ కార్డులో ఒకే ఇంటివారుగా చేరవచ్చు. ఇవి చిన్నవి కావు. అయితే నామినీ అన్న మాటను మన చట్టం ఎలా చూస్తుందో గమనించాలి. ఖాతాదారు పోయాక సొమ్ము నామినీ చేతికి వస్తుంది, కానీ అది వారసుల తరఫున అందుకున్న సొమ్మే. వీలునామా లేకపోతే వారసులు నిలదీసి తీసుకోవచ్చు. జీవిత బీమాలో 2015 సవరణ ఈ నియమాన్ని కొంత సడలించింది. పాలసీదారు తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ముకు వాళ్లే హక్కుదారులు. ఇరవై ఏళ్లు ఒకే కప్పు కింద బతికి, ప్రతి ప్రీమియం రసీదునూ జాగ్రత్తగా దాచిన మనిషి ఆ జాబితాలో ఏ వరుసలోనూ లేడు. వివాహ రిజిస్టర్‌లో పేరున్న భార్యకో భర్తకో ఆ చోటు అడగకుండానే దొరుకుతుంది.