భీమిలి గాలికి అలవాటు పడుతూ

సామాన్ల లారీ వెళ్లిపోయిన మూడో వారానికే దేవుడి గదిలో ఇత్తడి కుందులకు చిలుము పట్టింది. అమ్మ చింతపండు పెట్టి తోమింది. వారం తిరక్కుండా మళ్లీ పచ్చమచ్చలు. విశాఖపట్నం నుంచి భీమిలికి, అంటే భీమునిపట్నానికి, మేం వచ్చింది పాతిక కిలోమీటర్లే. అయినా వంటింటి కిటికీలోంచి అలలు కనిపించే ఇంట్లో కాపురం ఎలా ఉంటుందో ముందుగా ఆ కుందులే చెప్పాయి.

తర్వాత చెప్పింది చేపల గంపతో వచ్చే మామ్మ. గేటు మీద చెయ్యి వేసి, "ఏటి బాబూ, సముద్రం పక్కన ఇనప గేటెట్టినారు? రెండేళ్లకి తినేస్తాది" అంది. రెండేళ్ల దాకా ఆగనే లేదు. మొదటి వానాకాలం దాటకముందే మడతబందుల కింద ఎర్రటి పొడి రాలింది.

అల విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర గాలిలో ఎగిరొస్తుంది. నీరు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు తేమను లాక్కుని పట్టుకుంటుంది. అందుకే మా దండెం మీద తువ్వాలు పొద్దుగూకినా చెమ్మగానే ఉంటుంది, తలుపులు ఉబ్బి బిగుసుకుపోతాయి. గోడలో వెంట్రుకంత పగులున్నా చాలు, ఉప్పు లోపలి ఊచల దాకా వెళుతుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి, పైనున్న కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది. ఇల్లు కొనేటప్పుడు నేను మేడెక్కి సముద్రాన్నే చూశాను. శ్లాబు అడుగు భాగం చూడాలని తోచలేదు. సముద్రం పక్కన ఇల్లు కొంటామని ఎవరు అడిగినా ఇప్పుడు ముందు అదే చెబుతున్నాను.

ఊళ్లో మిగిలిన పాత పెంకుటిళ్ల ముందు ఆగి చూడటం అలవాటైంది. సున్నపు గోడలు, చెక్క కిటికీలు, లోతైన వసారాలు. ఇనుము కోసం వెతుక్కోవాలి. ఈ గాలి సంగతి వాటిని కట్టినవాళ్లకు బాగా తెలుసు. ఊరూ అంత పాతదే. మన పెద్దలు ఒలందులు అని పిలిచిన డచ్చివారు 17వ శతాబ్దంలో ఇక్కడికి వర్తకానికి వచ్చారు. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడింది. ఒలందుల శ్మశానంలో కోసుగా నిలబడ్డ సమాధుల మధ్య నడుస్తుంటే నాకు వాళ్ల వర్తకం గుర్తు రాదు. ఎక్కడి నుంచో వచ్చి, ఈ గాలికి అలవాటు పడే ప్రయత్నం చేసి, ఇక్కడే ఉండిపోయిన మనుషులే కళ్లముందు మెదులుతారు.

సాయంత్రాలు గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటికి వెళతాం. "బొర్రా గుహల్లో చూసింది ఈ నదినేనా నాన్నా?" అని మా అమ్మాయి మొదటిరోజు నమ్మలేనట్టు అడిగింది. ఆ నదే. అనంతగిరి కొండల్లోంచి దిగి వచ్చి, ఇక్కడ మా కాళ్ల మీదుగా ఉప్పునీళ్లలో కలుస్తోంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ మామ్మ గంపలో ఎండు నెత్తళ్లే ఎక్కువ. ధర తగ్గించమని అడగడం అమ్మ మానేసింది.

పట్నంలో ఉన్నప్పుడు రేడియోలో "కళింగపట్నం, భీమునిపట్నం ఓడరేవుల్లో మూడో నంబరు హెచ్చరిక" అంటే వింటూనే పని చేసుకునేవాళ్లం. మొన్నటి వాయుగుండానికి ఆ మాట వినగానే ఇంట్లో అందరం చేతిలో పని ఆపేశాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు ఇది. వీధిలోవాళ్లు ఎవరూ పిలవకుండానే వచ్చారు. ఒకాయన మేడ మీది నీళ్ల ట్యాంకును తాళ్లతో కట్టాడు, ఇంకొకాయన కిటికీ రెక్కలకు అడ్డకర్రలు బిగించాడు. ఒడ్డున ఉండే మామ్మనీ, ఆమె కోడల్నీ, పిల్లల్నీ అమ్మ మా ఇంటికి పిలిచింది.

తొమ్మిదింటికి కరెంటు పోయింది. అమ్మ కుందుల్లో నూనె పోసి హాల్లో పెట్టింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు. నాకు బయట హోరు ఒక్కటే వినిపిస్తోంది, ఎక్కువవుతోందో తగ్గుతోందో తెలియదు. గోడకు ఆనుకుని కూర్చున్న మామ్మ మాత్రం తెల్లవారుజాము దాకా చెవి అటే పెట్టి, "పోటు తగ్గింది బాబూ, ఇంక పడుకో" అంది.