రిటైరైన మర్నాడు నాన్న ఏం చేస్తారు?

మన ఏజ్‌లో రిటైర్మెంట్ అంటే ఎస్ఐపీ, పీఎఫ్, ఇంకా "నలభైకే ఉద్యోగం మానేయడం ఎలా" అనే రీల్స్. కానీ ఇప్పుడు నిజంగా రిటైర్ అవుతున్నది మన అమ్మానాన్నలు. ప్రభుత్వ ఉద్యోగమైతే ఆంధ్రలో 62, తెలంగాణలో 61. నెలాఖరున శాలువా, దండ, గ్రూప్ ఫోటో. మరి ఒకటో తారీఖు పొద్దున?

అలవాటు కాబట్టి ఆరింటికే లేస్తారు. స్నానం, టిఫిన్, పేపర్ అయిపోతాయి. తొమ్మిదిన్నరకి వెళ్ళడానికి చోటు ఉండదు. మొదటి వారం "సార్, ఆ ఫైల్ ఎక్కడుంది" అని రెండు కాల్స్ వస్తాయి. తర్వాత అవీ రావు. మనం దీన్ని బోర్ అనుకుంటాం. నా ఉద్దేశంలో ఇది బోర్ కాదు. ఇన్నేళ్ళూ ఆఫీస్ జీతంతో పాటు "మీరు రాకపోతే పని ఆగిపోతుంది సార్" అనే మాట కూడా ఇచ్చింది. జీతం పోయినా పెన్షన్ వస్తుంది. ఆ మాటకి పెన్షన్ లేదు.

హైదరాబాద్‌లో గంగాధర తిలక్ కాట్నం గారి గురించి వినే ఉంటారు, రోడ్ డాక్టర్ అంటారు. దాదాపు 35 ఏళ్ళు రైల్వేలో చేసి 2008లో రిటైరయ్యారు. తర్వాత మనలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరారు. అంటే జీతం ఉంది, బిజీ ఉంది. ఒకరోజు ఆయన కారు గుంతలో పడి, బురద నీళ్ళు స్కూల్ పిల్లల మీద చిందాయి. సొంత డబ్బుతో మట్టి తెప్పించి ఆ గుంతలు పూడ్పించారు. అక్కడితో ఆగలేదు. 2011లో ఆ ఉద్యోగమే మానేసి, కారులో సంచులు వేసుకుని, పెన్షన్ డబ్బు ఖర్చు పెడుతూ ఊరంతా గుంతలు పూడ్చారు. ఆయన భార్య కూడా తోడు వెళ్ళారు. తర్వాత మెటీరియల్ జీహెచ్ఎంసీ ఇవ్వడం మొదలుపెట్టింది. గుంత ఎక్కడుందో ఆయనకి ఎవరూ ఆర్డర్ వేయలేదు, గమనించారా?

అందరూ పని మార్చుకోవాలని కాదు. ఆంధ్రా యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పి 1989లో రిటైరైన చిలుకూరి శాంతమ్మ గారు, తొంభై దాటాక కూడా విజయనగరం సెంచూరియన్ యూనివర్సిటీలో అదే ఫిజిక్స్ చెప్పారు. ఇద్దరికీ కామన్ ఏంటంటే, అవతల పక్క ఎవరో ఒకరికి ఆ పని కావాలి. అందుకే "ఏదైనా హాబీ పెట్టుకోండి నాన్నా" అనే సలహా పెద్దగా పనిచేయదు. మనవడిని స్కూల్ బస్ ఎక్కించే డ్యూటీ కూడా, ఆయన కోరుకుంటే సరే. మనం అప్పగిస్తే అదొక జీతం లేని ఉద్యోగం, అంతే.

అన్నట్టు, ఇంట్లో ఉండే అమ్మకి రిటైర్మెంట్ ఆర్డర్ ఎవరూ ఇవ్వరు. నాన్న ఇంట్లో కూర్చుంటే ఆవిడకి రోజుకి మూడు కాఫీలు ఎక్కువ. ఇంటిపని పంచుకోవడం నాన్న మొదటి నెల నుంచే నేర్చుకోవచ్చు.

రెవెన్యూలో చేసినాయన వీధిలో పాస్‌బుక్ సమస్య ఉన్నవాళ్ళు ఎంతమంది ఉంటారు! వారానికి రెండు రోజులు, ఫలానా టైమ్‌కి అరుగు మీద కూర్చుని కాగితాలు చూసిపెడితే చాలు, జనమే వస్తారు. కానీ ఇది రిటైరయ్యాక కాదు, ఏడాది ముందే మాట్లాడాలి. ఈసారి ఫోన్ చేసినప్పుడు "తిన్నారా, మందులు వేసుకున్నారా" అయిపోయాక ఇంకోటి అడగండి. "నాన్నా, ఆఫీసులో అందరూ మీ దగ్గరికే వచ్చి అడిగే పని ఏది?" కాసేపు ఏమీ మాట్లాడరు. ఫోన్ పెట్టేయకండి.