ఇంటర్నెట్టు దారి తప్పినచో కనుగొనుట యెట్లు?

గ్రామమునకు ఇంటర్నెట్టు వచ్చుచునేయున్నది. వార్తలు కనబడుచున్నవి, చలనచిత్రములు నడచుచున్నవి. కాని యువకులు ఆడుకొను ఆన్‌లైను ఆటలోనికి మాత్రము ప్రవేశము దొరకుట లేదు. ఇట్టి ఫిర్యాదు వచ్చినపుడు “ఆటయే కదా” యని పంచాయతీ సభ్యులు త్రోసివేయరాదు. నేడు ఆటకు అడ్డుపడిన లోపమే రేపు విద్యార్థి వేతనపు దరఖాస్తుకు, అదియు గడువు చివరి దినమున, అడ్డుపడవచ్చును.

ఇంటర్నెట్టు ఒకే సంస్థ వేసిన తీగ కాదు. అనేక సంస్థల కాలువల కూడిక. మన యింట బయలుదేరిన సమాచారము ‘రౌటరు’లనెడి తూముల గుండ సాగి గమ్యము చేరును. ఏ చిరునామాకు ఏ దారిని పోవలయునో ఆ సంస్థలు ఒకదానికొకటి ప్రకటించుకొనుచుండును. ప్రకటన తప్పైనచో ఆ చిరునామాలు మాత్రమే అందకపోవును. తక్కినవి చక్కగా పనిచేయును. 2008 ఫిబ్రవరి 24 న పాకిస్థాను టెలికాం సంస్థ యూట్యూబును తన దేశములో నిలుపుటకై చేసిన మార్పు వెలుపలికిని ప్రకటితమగుటచే, ప్రపంచమున పలుచోట్ల యూట్యూబు సుమారు రెండు గంటలపాటు అందలేదు. ఆటలో ప్రవేశమునకు అనుమతించు కంప్యూటరు వేరు, ఆటను నడపు కంప్యూటరు వేరు కావచ్చును. అందుచే మొదటిదాని దారి చెడినచో ప్రవేశమే ఆగును.

ఆ యాట పైకము పందెము పెట్టునదేమో ముందుగా విచారింపవలయును. అట్టి ఆటలను 2025 లో పార్లమెంటు ఆమోదించిన చట్టము నిషేధించినది. అది అందకుండుట లోపము కాదు. పిమ్మట పొరుగూరి బంధువు నడిగి, ఆట అందరికిని ఆగినదో, మన తీగపైననే ఆగినదో తెలిసికొనవలయును.

తరువాత, వేరొక సంస్థ సెల్‌ఫోను ఇంటర్నెట్టుతో అదే ఖాతాను తెరచి చూడవలయును. తెరచుకొన్నచో ఖాతాయు సంకేతపదమును సరియైనవే. అనుమానము మొదటి సంస్థ దారిపై నిలుచును.

ఇక కాలువ వెంబడి నడచి నీరు ఎచట ఆగినదో లస్కరు చూచునట్లు, దారిని పరీక్షింపవలయును. విండోసు కంప్యూటరులో ‘ట్రేసర్ట్’ అను ఆజ్ఞకు ప్రక్కన గమ్యపు చిరునామాను వ్రాసినచో, దారిలోని రౌటరులు వరుసగా కనబడును. ఒక్కొక్క దానికెదుట మూడు కాలములు మిల్లీసెకండులలో నుండును. వేయి మిల్లీసెకండులు ఒక సెకండు. జవాబు రానిచో చుక్కగుర్తు పడును. నడుమ మాత్రమే చుక్కలు పడుట దోషము కాదు. కొన్ని రౌటరులు సమాచారమును పంపునే గాని జవాబీయవు. కొన్ని గమ్యములును ఇట్లే జవాబీయవు. కావున రెండు తీగలపైనను పరీక్షించి పోల్చవలయును. మంచి తీగపై గమ్యము చేరి, చెడు తీగపై ఒకచోటినుండి కడదాక చుక్కలే యున్నచో, అచటనో దాని సమీపముననో లోపమున్నదని తలపవచ్చును. తిరుగుదారి వేరుగా నుండవచ్చును గనుక నిశ్చయముగా చెప్పరాదు.

“ఇంటర్నెట్టు రాలేదు” అని మాత్రమే ఫిర్యాదు చేసినచో ఇంటి తీగను చూచి “బాగున్నది” అని పోవుదురు. తేది, వేళ, గమ్యపు చిరునామా, రెండు పరీక్షల ఫలితములు జతపరచి, సంబంధిత ఇంజనీర్లకు పంపుడని వ్రాయవలయును. ఫిర్యాదు సంఖ్యను తప్పక తీసికొనవలయును. పరిష్కారము కానిచో, టెలికాం నియంత్రణ సంస్థ 2012 నాటి నిబంధనల ననుసరించి, ఆ కంపెనీలోని అప్పీలు అధికారికి విన్నవింపవచ్చును.

ఈ పరీక్షకు పైకము అక్కరలేదు. ప్రతి పంచాయతీలో ఇద్దరు యువకులు దీనిని నేర్చినచో, ఊరి ఫిర్యాదునకు ఆధారము చేకూరును.