ఆ 120 గ్రాముల గింజలు ఏమయ్యాయి?

బోల్‌గార్డ్-2 పత్తి విత్తనం కొంటే చాలా ఏళ్లపాటు రెండు పొట్లాలు వచ్చేవి. ఒకదాంట్లో 450 గ్రాముల బీటీ గింజలు, ఇంకోదాంట్లో 120 గ్రాముల మామూలు గింజలు. బీటీ గింజలు చేనులో, మామూలు గింజలు చేను చుట్టూ వేయాలి. ఆ చిన్న పొట్లాన్ని చాలామంది గట్టు మీదే పారేశారు. బీటీ కథలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు అదే. నేరం మాత్రం రైతుది కాదు.

జన్యుమార్పిడి పంటలను పరిశీలించే కేంద్ర కమిటీ జీఈఏసీ 2002 మార్చిలో మొదట మూడు బీటీ హైబ్రిడ్లకు అనుమతిచ్చింది. మట్టిలోని బీటీ అనే బ్యాక్టీరియా జన్యువు ఒకటి మొక్కలో చేరి, కాయతొలుచు పురుగును చంపే ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. రెండు జన్యువుల బోల్‌గార్డ్-2 వచ్చింది 2006లో. దేశంలో దూది సగటు దిగుబడి 2001-02లో హెక్టారుకు 308 కిలోలు, 2007-08లో 554. ఆ ఘనతంతా బీటీదే అనడానికి లేదు. అవే ఏళ్లలో ఎరువులూ పెరిగాయి, గుజరాత్‌లో సాగునీరూ పెరిగింది. ఇప్పుడు పత్తి చేలల్లో 90 శాతానికి పైగా బీటీయే. సగటు మాత్రం 440 కిలోల దగ్గరికి జారింది.

ధర విషయంలో ప్రభుత్వం గట్టిగానే నిలబడింది. 2006 మొదట్లో ప్యాకెట్ ధర సుమారు 1,850 రూపాయలు, అందులో జన్యువు ఇచ్చిన కంపెనీకి పోయే రుసుమే 1,250. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు వెళ్లి, ధరను 750కి దించింది. 2016 నుంచి కేంద్రమే ధర నిర్ణయిస్తోంది. 2020లో రుసుము సున్నా అయింది. 2025లో బోల్‌గార్డ్-2 ప్యాకెట్ గరిష్ఠ ధర 901 రూపాయలు.

ధర మీద పెట్టిన ఈ శ్రద్ధ ఆ చిన్న పొట్లం మీద లేదు. బీటీని తట్టుకునే పురుగు ఎక్కడో ఒకటి పుడుతుంది. పక్కనే మామూలు పత్తి ఉంటే అక్కడ బతికిన మామూలు పురుగులతో అది జతకడుతుంది, తట్టుకునే గుణం పలచబడుతుంది. మామూలు పత్తి లేకపోతే తట్టుకునేవి తట్టుకునేవాటితోనే కలుస్తాయి. అయితే రెండెకరాల రైతును కొంత చేను పురుగుకు వదిలేయమంటే వింటాడా? నష్టపరిహారం లేదు, తనిఖీ చేసే నాథుడూ లేడు. పైగా మన హైబ్రిడ్ పత్తి ఫిబ్రవరి, మార్చి దాకా చేలోనే ఉంటుంది. ప్రధానంగా పత్తి మీదే బతికే గులాబీ రంగు కాయతొలుచు పురుగుకు అంతకన్నా ఏం కావాలి! గుజరాత్‌లో అది మొదటి జన్యువును తట్టుకుంటోందని 2010లో ఆ జన్యువు ఇచ్చిన కంపెనీయే ఒప్పుకుంది. తర్వాత బోల్‌గార్డ్-2 కూడా దానిముందు ఓడింది. నాగపూర్ పత్తి పరిశోధన సంస్థ మాజీ డైరెక్టర్ కె.ఆర్. క్రాంతి, వరంగల్ పల్లెల్లో ఏళ్లపాటు పరిశోధన చేసిన గ్లెన్ స్టోన్ కలిసి 2020లో లెక్క తేల్చారు: బీటీ రాకముందు కన్నా రైతు పురుగుమందులకే ఎక్కువ ఖర్చు పెడుతున్నాడు.

నియంత్రణ అసలు కాగితం దాటుతోందా? బీటీ వంకాయ 2010 నుంచి ఆగే ఉంది. కలుపుమందును తట్టుకునే, అనుమతి లేని పత్తి మాత్రం 'బీజీ-3' పేరుతో చేలకు చేరింది. తెలుగు రాష్ట్రాలు సహా ప్రధాన పత్తి ప్రాంతాల్లో అది దాదాపు 15 శాతం ఉందని కేంద్రం వేసిన కమిటీయే 2018లో అంచనా కట్టింది.

ప్రత్యామ్నాయాలు లేక కాదు. తక్కువ కాలంలో చేతికొచ్చే సూటి రకాలను దగ్గర దగ్గరగా విత్తి, డిసెంబరుకల్లా మోళ్లు పీకేస్తే గులాబీ పురుగుకు తిండి ఉండదు. విత్తనం ఇంట్లోనే దాచుకోవచ్చు. ఏటా హైబ్రిడ్లు అమ్ముకునే వ్యాపారానికి అది గిట్టదు. పురుగుమందు లేకుండా సాగు సాధ్యమని జనగామ జిల్లా ఏనబావి ఎప్పుడో చూపించింది.

ఇప్పుడు వంతు వరిది. బయటి జన్యువు చొప్పించని జన్యు సవరణ పంటలను కేంద్రం 2022లో జీఈఏసీ పరిధి నుంచి తప్పించింది. 2025 మేలో మన సాంబమసూరి నుంచి 'కమల'ను, కాటన్‌దొర సన్నాల నుంచి ఇంకో రకాన్ని ప్రకటించారు. కమల 19 శాతం ఎక్కువ దిగుబడి ఇస్తుందనీ, 20 రోజులు ముందే కోతకొస్తుందనీ చెబుతున్నారు. మంచిదే. పరిశోధన కేంద్రాలవారీగా, ఏడాదివారీగా ఆ రకాల పరీక్షల అంకెలన్నీ తెలుగులో రైతు ముందు పెట్టాలి. ఆ తర్వాతే విత్తనం అమ్మాలి.